ఫైను లేని లైబ్రరీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

అనంతపురంలో మా కాలనీ లైబ్రరీ ఆలస్య రుసుము ఎత్తేసి నాలుగేళ్లయింది. నా లెక్కలో ఐదుకు నాలుగు మార్కులు. పోయిన ఆ ఒక్క మార్కు గురించే ఎక్కువ రాస్తున్నాను, ఫైను తీసేయాలని చూస్తున్న లైబ్రరీలకు పనికొచ్చేది అదే.

ఇక్కడ ఉన్నవి ఆరు బీరువాలు. కంప్యూటరు లేదు, పాత కార్డుల పద్ధతే. పుస్తకం వెనక అట్ట లోపల ఒక పాకెట్, అందులో పుస్తకం కార్డు, ఎదురు పేజీకి అతికించిన తేదీ చీటీ. పుస్తకం ఇచ్చేటప్పుడు కార్డును సభ్యుడి టికెట్లోకి దూర్చి, గడువు తేదీ వరసన ట్రేలో నిలబెడతారు. ఒకే తేదీవి ఎన్నున్నా వాటిలో మళ్లీ యాక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీలో చేరినప్పుడు రిజిస్టరులో పడే వరస సంఖ్య) వరస. గడువు 14 రోజులు, మనిషికి రెండు పుస్తకాలు. ఇదివరకు గడువు దాటితే రోజుకో రూపాయి పడేది.

ఆ రూపాయికి చాకిరీ ఎంతో వసూలు చేసినవాళ్లకే తెలుసు. రసీదు రాయాలి, చిల్లర వెతకాలి, పద్దులో ఎక్కించాలి, ఏడాది చివర ఆడిట్‌కు లెక్క అప్పజెప్పాలి. మధ్యలో వచ్చిన సెలవులు లెక్కేయాలా వద్దా అని కౌంటరు దగ్గర పంచాయితీ వేరే. పోనీ ఫైనుకు భయపడి పుస్తకం వెనక్కొస్తుందా అంటే, వారం రోజులు ఆలస్యమైనవాడు ఏడు రూపాయలిచ్చి వెళ్లిపోతాడు, వాడితో ఏ ఇబ్బందీ లేదు. ఆర్నెల్లు మరిచిపోయినవాడికి 180 రూపాయలవుతుంది. వాడి దగ్గరున్నది 60 రూపాయల పిల్లల కథల పుస్తకం. "ఫైను ఎంతయింటాదో అని రాలేదు సార్" అనే మాట అక్కడ పుడుతుంది. ఆ పుస్తకంతో పాటు ఆ పాఠకుడూ పోతాడు.

ఇక్కడ ఆలస్యానికి కారణాలు కూడా ఊరిని బట్టి ఉంటాయి. తొలకరి పడితే శెనక్కాయ విత్తనానికి ఊరికి పోయినవాళ్లు నెల తర్వాతే వస్తారు. బెంగళూరులో పని దొరికితే పుస్తకం సంచిలోనే బెంగళూరు చేరుతుంది. ఎండాకాలం సెలవులకు పిల్లలు అమ్మమ్మగారింటికి పోతారు. రూపాయి ఫైను ఇందులో ఒక్కదాన్నీ ఆపలేదు.

పెద్ద ఊళ్లలోనూ ఇదే తేలింది. షికాగో పౌర గ్రంథాలయం 2019లో, న్యూయార్క్ 2021లో ఆలస్య రుసుము ఎత్తేశాయి. న్యూయార్క్‌లో ఫైను బాకీ 15 డాలర్లకు చేరితే కార్డు ఆపేసేవారు, అలా ఆగిన కార్డులు దాదాపు 4 లక్షలు. చాలామంది గమనించని విషయం ఒకటుంది: ఆ రెండు చోట్లా పోగొట్టిన పుస్తకానికి వెల కట్టే నియమం అలాగే ఉంది. ఎత్తేసింది ఆలస్యానికి వేసే జరిమానా మాత్రమే. ఈ రెండూ కలిపేసి "ఇక ఏమీ కట్టక్కర్లేదంట" అని ఊళ్లో పాకితే మొదటి నెలలోనే దెబ్బతింటారు. బోర్డు మీద రెండు వాక్యాలూ పక్కపక్కనే రాయాలి.

(మన జిల్లా గ్రంథాలయాల మాటకొస్తే, 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. అంటే పాఠకుడు ముందే డబ్బు కట్టి లోపలికొస్తున్నాడు.)

ఫైను తీసేసిన చోట ఇంకోటి పెట్టాలి. అది గుర్తు చేయడం. గడువుకు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో ఒక మాట: "మీ పుస్తకం గడువు ఎల్లుండి. ఇంకా చదవాలంటే 'పొడిగించండి' అని పెట్టండి." పుస్తకం మోసుకు రాకుండానే రెండుసార్లు పొడిగిస్తారు, వేరొకరు అడిగి ఉంటే తప్ప. గడువు మర్నాడు ఇంకో సందేశం. గడువు దాటిన పదిహేనో రోజు ఫోను. నెల దాటితే కొత్త పుస్తకాలు ఆగుతాయి. 60 రోజులు దాటితే పోయినట్టు లెక్కగట్టి వెల చెబుతారు. 61వ రోజు తెచ్చినా ఆ వెల రద్దు.

ఇందులో తప్పులు జరిగే చోట్లు చెబుతాను. సభ్యత్వంలో ఒక్క నంబరే తీసుకుంటే ఏడాదిలో సిమ్ము మారిపోతుంది, ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా తీసుకోవాలి. "దీనికోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారు" అనే మాట బాగా పనిచేస్తుంది, కానీ నిజంగా ఎవరైనా అడిగితేనే అనాలి. చిన్న లైబ్రరీలో అబద్ధం వారంలో బయటపడుతుంది. ఆలస్యమైనవాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఇక్కడ ఒకసారి పెట్టారు. ఆ పరువు పోవడం ముందు రూపాయి ఫైనే నయం.

ఇంకోటి, పుస్తకం తిరిగిచ్చిన నిమిషంలోనే కొత్తది చేతిలో పెట్టాలి. "నెల ఆలస్యం చేశావు కాబట్టి నెల ఆగు" అంటే అది డబ్బుకు బదులు రోజుల్లో వేసిన ఫైనే. తెచ్చినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే ఎవరు తెస్తారు?

ఇక పోయిన ఆ మార్కు. గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలు. ఫైను లేదని తెలిశాక ఇవి పరీక్ష అయ్యేదాకా రావు, నోటిఫికేషన్ వాయిదా పడితే ఇంకా రావు. గుర్తుచేసినా లాభం లేదు, వాళ్లు మరిచిపోలేదు కాబట్టి. కావాలనే పెట్టుకున్నారు. ఇక్కడ ఏడాదిన్నర ఇబ్బంది పడ్డాక దొరికిన దారి: ఒక కాపీ హాలులోనే చదవాలి, బయటికివ్వరు. రెండో కాపీ రాత్రి అప్పు, అంటే మూసేటప్పుడు తీసుకుని మర్నాడు తెరిచేటప్పటికి తేవాలి. రెండు కాపీలు కొనే స్తోమత లేకపోతే ఉన్న ఒక్కటీ హాలుకే. బాగా అడిగే కొత్త నవలలకు 7 రోజులు, పొడిగింపు లేదు, ఒకరికి ఒకటే. సంపుటాలుగా వచ్చినవి ఇంటికివ్వకపోవడమే మేలు. ఒక్కటి పోతే మిగతావన్నీ కుంటివవుతాయి.

పోయిన పుస్తకానికి వెల కట్టడంలోనూ ఒక చిక్కుంది. యాక్సెషన్ రిజిస్టరులో రాసిన ధర కొన్నప్పటిది. 12 రూపాయలని ఉంటే 12 తీసుకుని ఏం కొంటాం? ఇప్పటి ధర అడగాలి. అచ్చులో లేకపోతే అదే పుస్తకం పాతది తెచ్చినా సరే, లేదా లైబ్రరీకి కావలసినవాటి జాబితా నుంచి రెండు. డబ్బు తీసుకుంటే రసీదు, ఆర్నెల్లలో పుస్తకం దొరికితే వాపసు.

ట్రే విషయంలో బద్ధకం పనికిరాదు. ఫైను ఉన్నప్పుడు లెక్క కౌంటరు దగ్గరే తేలేది. ఇప్పుడు ఆలస్యమైనవి చప్పుడు చేయవు. రోజూ పొద్దున తలుపు తీయగానే నిన్నటి తేదీ వెనకున్న కార్డులను "గడువు దాటినవి" అని రాసిన అడ్డకార్డు వెనక్కి జరపాలి. పది నిమిషాల పని. రెండు వారాలు వదిలేస్తే ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో ట్రే అంతా తిరగేసి వెతకాల్సిందే.

కార్డుల బదులు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు (మావోరీ భాషలో కోహా అంటే కానుక, పేరు బాగానే కుదిరింది) సర్క్యులేషన్ రూల్స్‌లో, అంటే పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే నియమాల్లో, ఫైను మొత్తాన్ని సున్న చేసి ఊరుకుంటారు. అది చాలదు. పాత బాకీలు సభ్యుల ఖాతాల్లో అలాగే ఉంటాయి. నోఇష్యూస్‌ఛార్జ్ అనే సెట్టింగులో మొదట ఉండే అంకె 5. అంతకు మించి బాకీ ఉన్న సభ్యుడికి పుస్తకం ఇవ్వబోతే తెర అడ్డుకుంటుంది. "ఫైను లేదన్నారుగా" అని ఆయన గొడవపడతాడు. ఖాతాలన్నీ ఒకసారి మాఫీ చేశాకే ప్రకటించాలి. సస్పెన్షన్ రోజుల గడి (ఆలస్యానికి ఇన్ని రోజులు పుస్తకం ఇవ్వకూడదనేది) ఖాళీగా ఉంచండి, కారణం పైన చెప్పిందే. ప్రతి కాపీకీ రీప్లేస్‌మెంట్ ధర, అంటే పోతే కట్టాల్సిన వెల, నింపారో లేదో కూడా చూసుకోవాలి. కాపీ వివరాలుండే 952 ఫీల్డులో v అనే గడి అది. ఖాళీగా ఉంటే పోయిన పుస్తకానికి వెల పడదు.



చివరగా డబ్బా. ముఖం చూపించడానికి మొహమాటపడే వాళ్ల కోసం గేటు దగ్గర ఇనుప డబ్బా పెట్టారు, పైన చీలిక, అడుగున స్పాంజి. ఏప్రిల్ ఎండకు లోపల పొయ్యిలా కాగి, జిగురుతో అతికించిన పుస్తకాల వీపులు ఊడిపోయాయి. దాన్ని వేపచెట్టు కిందికి మార్చి, చీలిక మీద వాన పడకుండా రేకు వంచాక బాగుంది. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. రోజూ పొద్దున్నే ఖాళీ చేసి, కార్డులు ట్రేలోంచి తీసి పాకెట్లలో పెట్టాకే పుస్తకాలు బీరువాకెక్కించాలి. ఈ వరస తప్పితే, బీరువాలో ఉన్న పుస్తకానికే గుర్తు సందేశం పోతుంది.