మెక్ 600 జూనియర్: మడతకు మేటి, కొలతకు కాదు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టిన మేవిల్ ఇంజినీరింగ్ కంపెనీ తయారుచేసే మెక్ 600 జూనియర్ మార్క్ 5, వాడేసిన షాట్‌గన్ (ఒక్కసారికి అనేక చిన్న గుండ్లను వదిలే తుపాకి) షెల్లులను, అంటే ఖాళీ తూటా గొట్టాలను, మళ్లీ నింపే యంత్రాలలో బాగా పేరున్నది. ఎగిరే మట్టి పలకలను కొట్టే క్రీడాకారులకు ఇది ఎంతగానో నచ్చిన యంత్రం. కయోటీ (నక్కను పోలిన అమెరికా అడవి జంతువు) వంటివాటి వేట కోసం తూటాలు నింపుకునేవారికి ఏ మేరకు పనికివస్తుందనేదే ఈ సమీక్ష విషయం.

ఇది ఒక్కో షెల్లును చేతితో ఒక్కో స్థానానికి జరుపుతూ, పేలిన ప్రైమర్‌ను (మందును అంటించే చిన్న టోపీని) తీయడం, కొత్తది అమర్చడం, తుపాకి మందు, వాడ్ (మందుకు, గుండ్లకు మధ్య ఉండే అడ్డు), గుండ్లు నింపడం, చివరికి మూతి మడవడం అనే వరుసలో నడిచే సాదా యంత్రం. ఎక్కడ ఏం జరుగుతోందో కళ్లెదుటే కనబడుతుంది కనుక, ఒక మెట్టు దాటవేయడం గాని, మందు రెండుసార్లు పోయడం గాని జరిగితే వెంటనే పట్టుకోవచ్చు. 3 అంగుళాల షెల్లులకు కూడా సర్దుబాటు చేసుకోవచ్చు.

చిక్కంతా కొలత దగ్గరే వస్తుంది. పైనున్న రెండు సీసాల నుంచి మందును, గుండ్లను చార్జ్ బార్ అనే జారుడు పట్టీ ఘనపరిమాణాన్ని బట్టి కొలిచి వదులుతుంది. తూకంతో దానికి పని లేదు. పలకల క్రీడలో వాడే ఏడున్నర నంబరు సీసపు గుండు బరువు సుమారు 0.08 గ్రాము కాబట్టి ఒకటి అటూ ఇటూ అయినా తేడా తెలియదు. కయోటీల వేటకు ఎంచుకునే బీబీ అనే పెద్ద గుండు అర గ్రాము దాటుతుంది, 6.1 మిల్లీమీటర్ల నాలుగో నంబరు బక్‌షాట్ అనే ఇంకా లావు గుండు ఒక్కొక్కటి దాదాపు 1.3 గ్రాములు తూగుతుంది. ఇంత పెద్ద గుండ్లు పట్టీ అంచున నలిగి అడ్డం పడతాయి, లేదా గొట్టంలో ఒకదానికొకటి తట్టుకుని ఆగిపోతాయి. అందుచేత గుండ్ల సీసాను పక్కన పెట్టి, ఒక్కో తూటాకు లెక్కపెట్టి గాని తూచి గాని చేతితో వేసుకోవడమే మార్గం. మందు విషయంలో కూడా బుషింగ్ (పట్టీలో ఎంత మందు పడాలో నిర్ణయించే రంధ్రపు బిళ్ల) పట్టికలోని అంకెలను సూచనలుగానే చూడాలి. యంత్రం అదిరే తీరును బట్టి, హ్యాండిల్ లాగే చేతిని బట్టి పడే బరువు మారుతుంది కనుక మంచి త్రాసు లేనివారు ఈ పనికి దిగకపోవడమే మేలు.

సీసం కొలతకు చేసిన పట్టీలో టంగ్‌స్టన్ గుండ్లు పోయడం అన్నిటికన్నా ప్రమాదకరం. టంగ్‌స్టన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 18 గ్రాములు, సీసం సాంద్రత 11 పైచిలుకు. అంటే అదే గుంటలో ఒకటిన్నర రెట్లకు మించిన బరువు చేరుతుంది, దాంతో తూటా పేలినప్పుడు పీడనమూ పెరుగుతుంది. 12 గేజ్ (తుపాకి గొట్టం లావు కొలత) తుపాకిలో 2¾, 3 అంగుళాల తూటాలకు అమెరికా పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం 11,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే. గుండ్ల మధ్య ఖాళీలను నింపి అవి చదును కాకుండా కాపాడే బఫర్ పొడి సైతం పీడనాన్ని పెంచుతుంది గనుక, దాన్ని చేర్చి పరీక్షించి ప్రచురించిన మిశ్రమాలలోనే వాడాలి. షెల్, ప్రైమర్, వాడ్‌లలో ఏ ఒక్కటి మార్చినా అది వేరే మిశ్రమమే.

మడత విషయంలో మాత్రం ఈ యంత్రానికి వంక పెట్టలేము. ఆరు, ఎనిమిది మడతల షెల్లులకు వేర్వేరు తలలున్నాయి. అవి పాత మడత గీతలనే పట్టుకుని మూతిని మూస్తాయి. అయితే పెద్ద గుండ్లు సమంగా పేర్చుకోకపోతే మూతి ఉబ్బుతుంది లేదా లోపలికి కుంగుతుంది. ఆ లోపం యంత్రానిది కాదు, లోపలి దొంతర ఎత్తుది.

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం నిషిద్ధం. అక్కడ ఉక్కు గుండ్లు నింపేవారు ఇదే సంస్థ అందుకోసం చేసిన స్టీల్‌మాస్టర్‌ను చూడాలి. గంటకు ఎనిమిది పది పెట్టెల తూటాలు నింపవచ్చన్న ప్రచారం వేటగానికి పెద్దగా పట్టదు. అతనికి కావలసినవి కొద్ది తూటాలే. సెమీ ఆటోమేటిక్ తుపాకి ఉన్నవారు మాత్రం, ఇత్తడి మొదలును కాలెట్‌తో (చుట్టూ పట్టి నొక్కే బిగింపు వలయంతో) బిగించి సరిచేసే సైజ్‌మాస్టర్‌కు కొంత అదనంగా ఖర్చుపెట్టడం మంచిది.