చేతితో తిప్పే పాస్తా యంత్రం: కొన్నేళ్ల వాడకం తర్వాత

చేతితో తిప్పే పాస్తా యంత్రం చేసే పనులు రెండే: పిండిని పలుచని పొరగా ఒత్తడం, ఆ పొరను సన్నని పట్టీలుగా కోయడం. పిండి కలపడం, తడి సరిచూడడం, నాననివ్వడం మన చేతిలోనే ఉంటాయి. ఇంట్లో మొదటిసారి తాజా పాస్తా చేసేవారి ఫలితం చాలావరకు ఆ దశలోనే తేలిపోతుంది. ఇటలీలో తయారైన ఇటువంటి యంత్రాన్ని హైదరాబాదులోని మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాను. పెన్నే, మాకరోనీ ఇష్టపడేవారు దీనిని కొనవద్దని ముందే చెప్పాలి. అవి అచ్చు రంధ్రాల గుండా పిండిని బలంగా నెట్టి చేసే రకాలు, పైగా ఇటలీలో 1967 నుంచీ ఉన్న చట్టపు నియమం ప్రకారం అక్కడ తయారుచేసి అమ్మే ఎండు పాస్తాను డ్యూరం అనే గట్టి గోధుమతోనే చేయాలి. ఈ యంత్రం నుంచి వచ్చే గుడ్డు పాస్తా దానికి బదులు కాదు, వేరే వంటకం.

బొలోన్యా నగరమున్న ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో గుడ్డు పాస్తాకు వాడుకలో ఉన్న కొలత 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు. దీనిని ఇక్కడ యథాతథంగా పాటిస్తే ముద్ద పొడిపొడిగా విడిపోతుంది, ఎందుకంటే మనకు మామూలుగా దొరికే గుడ్డు పెంకుతో కలిపి 50 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది, పెంకు తీస్తే 45 గ్రాములే మిగులుతుంది. కాబట్టి గుడ్లను లెక్కపెట్టకుండా తూచడం మేలు. 300 గ్రాముల మైదాకు 165 గ్రాముల దాకా గుడ్డు పడుతుంది. మూడు గుడ్లు వేసి, తగ్గినదాన్ని రెండు పచ్చసొనలతో పూరిస్తే రంగూ రుచీ మెరుగుపడతాయి. ఇటలీలో పాస్తా కోసం పచ్చసొన ముదురు రంగులో ఉండే గుడ్లను ప్రత్యేకంగా అమ్ముతారు. మన నాటుకోడి గుడ్లు ఆ రంగుకు దగ్గరగా వస్తాయి గానీ మరీ చిన్నవి, వాటికి తూకం ఇంకా అవసరం. రంగు కోసం చిటికెడు పసుపు కలపమనేవారి సలహా నాకు నచ్చదు, ఆ వాసన వెన్నలోనూ చీజులోనూ దాగదు. అక్కడివారు వాడే '00' అనే బాగా మెత్తగా ఆడిన గోధుమ పిండి ఇక్కడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మెత్తదనంలో కొంత తేడా ఉన్న మాట నిజమే కానీ, పెట్టిన ధరకు తగినంత తేడా కాదు.

ముద్ద పూరీ పిండి కంటే కూడా కాస్త గట్టిగా ఉండాలి. మొదటి రెండు నిమిషాలు అది అసలు కలిసేలా కనిపించదు, నీళ్లు చల్లాలనిపిస్తుంది, అయినా చల్లకూడదు. పది నిమిషాలు అరచేతి కింది భాగంతో ఒత్తి పిసికి, మూతపెట్టి కనీసం అరగంట, వీలైతే గంట వదిలేస్తే పిండి తడిని పీల్చుకుని నునుపుదేరుతుంది. నాననివ్వని ముద్దను రోలర్లలో పెడితే పొర వెనక్కి ముడుచుకుంటుంది, అంచులు చీలుతాయి.

యంత్రం విలువ తెలిసేది ఆ తర్వాతే. రోలర్ల మధ్య సందును సూచించే అంకెల్లో అన్నిటికన్నా వెడల్పుదాని మీద ఉంచి, పొరను మూడు మడతలు పెట్టి ఐదారుసార్లు తిప్పితే, చేయి సరిగా పిసకని చోట్లు కూడా సర్దుకుని పొర పట్టులా సాగుతుంది. అక్కడి నుంచి సందును ఒక్కో అంకె చొప్పున తగ్గించాలి. మధ్యలో అంకెలు దాటవేస్తే పొర చిరుగుతుంది. ఇంత సమానమైన మందం మన పొట్టి అప్పడాల కర్రతో రావడం కష్టం. బొలోన్యాలో చేయి తిరిగిన స్త్రీలు పొడవాటి కర్రతో చెక్క బల్లమీద ఒత్తిన పొర మాత్రం దీనికి భిన్నం. చెక్క గరుకు ఆ పొరకు అంటుకుని సాస్‌ను బాగా పట్టి ఉంచుతుంది, లోహపు రోలర్ల మధ్య నుంచి వచ్చిన పొర నున్నగా ఉండి సాస్‌ను కొంత జారవిడుస్తుంది. వారి తాల్యతెల్లే (పొడవాటి పట్టీల గుడ్డు పాస్తా) వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేశారు. అది అక్కడి అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతట! యంత్రంలోని కోత రోలర్లలో (కత్తెరలో) వెడల్పుది కోసిన పట్టీ ఉడికి ఉబ్బాక దాదాపు ఆ కొలతకు చేరుతుంది.

ఇక ఇబ్బందులు. యంత్రాన్ని బిగించే మర మన గ్రానైట్ గట్టు గుండ్రటి మందపు అంచుకు పట్టదు, కింద అరలుంటే అసలు చోటే దొరకదు, కాబట్టి బలమైన చెక్క బల్ల ఉండాలి. తిప్పే పిడి బిగింపు లేకుండా ఊరికే దూర్చినది కావడంతో పని మధ్యలో ఊడి వస్తుంటుంది. ఒక చేయి తిప్పాలి, ఒకటి పొరను అందించాలి, ఒకటి కింద అందుకోవాలి కాబట్టి రెండో మనిషి లేకుండా పొడవాటి పొరలు చేయలేము. నీళ్లతో కడగకూడదనే నియమం మన ఇళ్లలో చాలామందికి మింగుడుపడదు. నిజానికి అంటుకున్న పిండిని ఎండనిచ్చి కుంచెతో దులిపితే రాలిపోతుంది, తడి తగిలితే లోపలి పళ్లచక్రాలు తుప్పుపడతాయి. కొత్త యంత్రంలో నూనె మరకలు పోయేదాకా కొంత పిండి ముద్దను తిప్పి పారేయాలి.

హైదరాబాదు వేసవిలో ఫ్యాను కింద పొర నిమిషాల్లో పెళుసెక్కి కత్తెరలో తునకలవుతుంది, వానాకాలంలో అదే పొర పట్టీలుగా విడివడక అతుక్కుంటుంది. ఫ్యాను ఆపి, పొరను ముట్టుకుంటే వేలికి అంటనంత వరకు మాత్రమే ఆరనిచ్చి కోయడం రెండు కాలాలకూ పనికొచ్చే పద్ధతి. కోసిన పట్టీలమీద చల్లడానికి మైదా వద్దు, తడికి అది జిగురవుతుంది. మిక్సీలో మరికాస్త మెత్తగా తిప్పిన బన్సీ రవ్వ చల్లితే పట్టీలు విడివిడిగా ఉంటాయి. 100 గ్రాములకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు చొప్పున మరిగించి వేస్తే రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతుంది. గుడ్డు ఉన్నది కాబట్టి మన ఉక్కలో గంటల తరబడి ఆరబెట్టి దాచడం క్షేమం కాదు. మిగిలినవాటిని చిన్న చుట్టలుగా ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి.

మా అత్తగారు శనివారం గుడ్డు ముట్టరు, ఆ రోజు యంత్రం అలమరలోనే ఉంటుంది. గుడ్డు లేని పాస్తాకు దక్షిణ ఇటలీలోని పూల్యా ప్రాంతపు పద్ధతి ఉంది: మెత్తటి డ్యూరం రవ్వ, దాని బరువులో సగం గోరువెచ్చని నీళ్లు. బన్సీ డ్యూరం జాతి గోధుమే కాబట్టి, ఆ రవ్వను మెత్తగా ఆడించి జల్లిస్తే సరిపోతుంది. ఈ ముద్ద రోలర్లలో అంచులు చీలి సరిగా రాదు. దానిని వేలిమందం కడ్డీలుగా చేసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కను చాకు మొద్దు అంచుతో బల్లమీద లాగి బొటనవేలిమీద తిరగేస్తే చిన్న దొప్పల్లాంటి ఒరెక్కియెత్తె తయారవుతుంది. నలుగురికి సరిపడా చేయడానికి గంటకు పైగా పడుతుంది, ఉడకడానికి గుడ్డు పాస్తాకంటే ఎక్కువ సమయం కావాలి.