బజారుకు పెద్ద బిల్డింగా, బాగుచేసిన వీధా: ఏది మేలు?

పండగ ముందు కడప వై.వి. స్ట్రీట్‌కు వెళ్తే బండి పెట్టుకోవడానికే అరగంట. "ఇవన్నీ తీసేసి ఒకటే పెద్ద మాల్ కడితే పీడా పోతుంది" అని మా అమ్మ ఏటా అంటుంది. మొన్న ఆ మాట అంటూనే జాకెట్ గుడ్డను ఎండ వెలుతురులో చూసుకోవాలని మ్యాచింగ్ సెంటర్ మెట్ల మీదికి వచ్చింది. అక్కడి నుంచి ఎదురుగా లేసుల కొట్టు కనబడింది, దాని పక్కన గాజులు, మూల మీద పూలబుట్ట. ఒక్క జాకెట్ గుడ్డకని వెళ్తే నాలుగు చోట్ల బేరం తగిలింది.

పెద్ద బిల్డింగు మీద ఆశ మనకొక్కరికే కాదు. అమెరికాలో డెట్రాయిట్ నడిబొడ్డు ఖాళీ అవుతుంటే 1977లో నది ఒడ్డున రెనసాన్స్ సెంటర్ టవర్లు లేపారు. రోడ్డు వైపు మాత్రం కాంక్రీటు దిబ్బలు పెట్టారు. కారులో వెళ్లినవాళ్లు లోపలే కొని, లోపలే తిని, కారులోనే ఇంటికి పోయేవారు. పైగా పాత బిల్డింగుల్లోని ఆఫీసులు కొన్ని ఇందులోకి మారడంతో అవి ఇంకా బోసిపోయాయి. ఆ దిబ్బలు తీయించడానికి పాతికేళ్లు పట్టింది. అదే రాష్ట్రంలో ఫ్లింట్ కథ ఇంకా దారుణం. కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోతున్న ఊరికి టూరిస్టులు వస్తారని 1984లో ఆటోవరల్డ్ అనే వినోద పార్కు కట్టారు. ఆరు నెలలకే మూతపడింది, 1997లో కూల్చేశారు.

అదే అమెరికాలో బోస్టన్‌వాళ్లు మాత్రం 1826 నాటి క్విన్సీ మార్కెట్‌ను కూల్చకుండా బాగుచేసి 1976లో తెరిచారు. అప్పటికి షాపులు నిండలేదు. అందుకని తోపుడు బండ్లు అద్దెకిచ్చి చేతిపనివాళ్లను పిలిచారు. మనమైతే ట్రాఫిక్ పేరు చెప్పి మొదట తరిమేది వాళ్లనే! జనం విరగబడ్డారు. చుట్టూ ఆఫీసులుండటం కూడా కలిసొచ్చిందనుకోండి. ఆ మార్కెట్‌ను బాగుచేయించిన డెవలపర్ జేమ్స్ రౌజే 1980లో బాల్టిమోర్ రేవులో కొత్తగా కట్టిన హార్బర్‌ప్లేస్ అనే షాపుల సముదాయం మొదట్లో కిటకిటలాడింది, తర్వాత వెలవెలబోయి 2019లో కోర్టు పెట్టిన రిసీవర్ (ఆస్తిని చూసుకునే అధికారి) చేతికి వెళ్లింది.

మన బజారుకు గిరాకీ లేక కాదు, ఊపిరాడకే ఇబ్బంది. కాబట్టి నా ఓటు వీధికే. మాల్ కట్టే రెండు మూడేళ్లు ఈ కొట్లు ఎక్కడికి పోవాలి? ఖాతా గిరాకీ ఒకసారి చెదిరితే మళ్లీ రాదు. పెట్టే డబ్బు కొట్టువాళ్లు సొంతంగా చేసుకోలేని పనులకు పెట్టాలి: మురుగుకాలువ, తలమీద వేలాడే కరెంటు తీగలు, ఆడవాళ్లకు టాయిలెట్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బజారులో తిరిగే మనిషికి ఆ చివరిది లేకపోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఒక్క పెద్ద కట్టడం మాత్రం నేనూ ఒప్పుకుంటాను. అది పార్కింగ్. అదీ కొట్ల కింద కాదు, ఏడురోడ్ల కూడలి వైపు ఎక్కడైనా. దిగినవాళ్లు నడుస్తూ నాలుగు కొట్లు దాటాలి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమెలాంటి వాళ్లకు ఒక బ్యాటరీ ఆటో తిప్పితే చాలు.