గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్: కడప కొండల్లో ఏడాదిన్నర

కడప నుంచి ఏ వైపు బయలుదేరినా గంటన్నర లోపే ఏదో ఒక కొండ పాదానికి చేరుకోవచ్చు. పాలకొండల్లో, ఎర్రమల కొండల్లో సెలవు రోజున నడవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటే అయినా, దారి గుర్తుల కోసం ప్రత్యేకంగా ఒక జీపీఎస్ పరికరం కొనాలన్న ఆలోచన మాత్రం ఏడాదిన్నర కిందటే కలిగింది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం గండికోటకు ఎగువన బండల మీద తిరుగుతుండగా, చేతిలోని ఫోను ఎండకు కాగిపోయి, చల్లబడేంత వరకు పనిచేయనని తెర మీద హెచ్చరిక పెట్టి ఊరుకుంది. అక్కడ మేకలు మేపుకుంటున్న ఒక పెద్దాయన "ఆ వంక పట్టుకొని దిగిపోండి సార్, కోటగోడ అగుపడుతుంది" అని చెప్పడంతో ఆ పూట గడిచింది. ఆ వారంలోనే ఒక మధ్యరకం ఫోనుకు పెట్టేంత డబ్బు పెట్టి ఈట్రెక్స్ 22ఎక్స్ తెప్పించుకున్నాను.

2019లో విడుదలైన ఈ పరికరం బ్యాటరీలతో కలిపి సుమారు 142 గ్రాముల బరువుంటుంది. తెర 2.2 అంగుళాలే కావడం, వేలితో తాకితే కదలకపోవడం చూసి మా అమ్మాయి దీన్ని పాతకాలపు బటన్ ఫోను అనుకుంది. అయితే ఆ తెర, మీద పడిన వెలుతురునే తిప్పి పంపి బొమ్మను చూపే రకం కనుక, ఫోను తెర నల్లబడిపోయే మిట్టమధ్యాహ్నం దీనిలో గీతలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. చేతులు చెమటతో తడిసి ఉన్నా బటన్లకు ఇబ్బంది లేదు. పేర్లు రాసుకోవడానికి మాత్రం చాలా ఓపిక కావాలి. బొటనవేలితో కదిపే చిన్న పుల్లతో ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి ఎంచుకోవాలి కనుక, నేను ఇప్పుడు చెలమలకు, చింతచెట్లకు అంకెలే పెట్టి వివరాలు చేతిపుస్తకంలో రాసుకుంటున్నాను.

దీన్ని నేను ఎక్కువగా మెచ్చుకునేది బ్యాటరీ విషయంలో. గోడగడియారానికీ టీవీ రిమోటుకూ వేసే మామూలు డబుల్ ఏ బ్యాటరీలు రెండు వేస్తే 25 గంటలు నడుస్తుందని తయారీదారులు చెబుతారు. రోజుకు 8 గంటల చొప్పున రెండు రోజుల నడకకు నాకు ఒక జత సరిపోయింది. ఆ బ్యాటరీలు జమ్మలమడుగులోనే కాదు, పల్లెల్లోని చిల్లర కొట్టులో కూడా దొరుకుతాయి. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే రకం వాడేవారు ఆ సంగతిని సెట్టింగులలో తప్పక మార్చుకోవాలి, ఎందుకంటే వాటి వోల్టేజి 1.5కు బదులు 1.2 కావడం వల్ల, మార్చకపోతే బ్యాటరీ ఎంత మిగిలిందో పరికరం సరిగా చూపలేదు.

ముందుకు పోయే దారి చూపడంలో దీని సాయం తక్కువే. ఔత్సాహికులు కలిసి తయారుచేసి ఉచితంగా ఇచ్చే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలను దీనిలోకి ఎక్కించుకోవచ్చు, 8 జీబీ చోటుతో పాటు అదనపు మెమరీ కార్డుకు స్థలం కూడా ఉంది. కానీ గొర్రెల కాపరులు నడిచే దారులు ఆ పటాల్లో నాకు చాలా తక్కువగా కనిపించాయి. తిరిగి రావడంలోనే దీని విలువంతా ఉంది. నడిచినంత మేరా మన అడుగుల జాడను ఇది గీతగా దాచుకుంటుంది, ట్రాక్‌బ్యాక్ అన్నది ఎంచుకుంటే అదే గీత మీదుగా వెనక్కి నడిపిస్తుంది. కంపచెట్ల మధ్య అన్ని సందులూ ఒకేలా కనిపించే మునిమాపు వేళ, ఉదయం ఏ సందులోంచి వచ్చామో తేల్చి చెప్పగలిగేది ఆ గీత ఒక్కటే.

ఆ గీతను కూడా గుడ్డిగా నమ్మరాదని గండికోట దగ్గర పెన్న లోయలోకి దిగినప్పుడు తెలిసింది. ఉన్నచోటు తేల్చడానికి, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందాలి. లోయ అడుగున ఆకాశం సన్నని పట్టీలా మిగులుతుంది కనుక కనిపించే ఉపగ్రహాలు తగ్గిపోతాయి. పైగా రాతిగోడకు తగిలి తిరిగి వచ్చే సంకేతం ఆలస్యంగా అందడం వల్ల ఉపగ్రహానికి ఉన్న దూరం ఎక్కువగా లెక్కకు వస్తుంది. నేను ఇవతలి ఒడ్డున నడుస్తుంటే గీత కాసేపు నీళ్లలోకి, కాసేపు ఎదుటి గోడ మీదికి ఎగబాకింది. ఇది ఏ పరికరానికైనా ఎదురయ్యే చిక్కే అయినా, 22ఎక్స్ జీపీఎస్‌తో పాటు రష్యావారి ఉపగ్రహ వ్యవస్థ గ్లోనాస్‌ను అందుకుంటుందే తప్ప ఉపగ్రహాలు పంపే రెండు పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) సంకేతాలను కలిపి వాడుకోదు కనుక, ఆ వసతి ఉన్న కొత్త ఫోన్లు ఇలాంటి చోట దీనికంటే మెరుగ్గా ఉండవచ్చు. ఉపగ్రహాలను ముందే అందుకునేలా, దిగేముందు కోట పైన ఆరుబయట దీన్ని కొద్ది నిమిషాలు ఆన్ చేసి ఉంచడం మేలు.

ఒక పొరపాటు పూర్తిగా నాదే. వేంపల్లె దగ్గర ఒక గుట్టకు ఫోను పటంలో అక్షాంశం 14.36 డిగ్రీలని చూసి, ఈ పరికరంలో 14 డిగ్రీల 36 నిమిషాలుగా నమోదు చేశాను. డిగ్రీకి 60 నిమిషాలు కనుక అది నిజానికి 14 డిగ్రీల 21.6 నిమిషాలు కావాలి. ఒక్కో నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు కాబట్టి, కళ్లెదుట ఉన్న గుట్టను ఇది 27 కిలోమీటర్లు ఉత్తరానికి జరిపి చూపించింది. కొన్న రోజే సెట్టింగులలో కొలత పద్ధతిని దశాంశాలకు మార్చుకుంటే ఈ తిప్పలు ఉండవు.

22ఎక్స్‌లో దిక్సూచి లేదు కనుక నిలబడి ఉన్నప్పుడు అది చూపే దిక్కును పట్టించుకోనక్కర లేదు. నాలుగడుగులు వేస్తేనే అది మన దిశను కనిపెడుతుంది. ఎత్తును కూడా ఉపగ్రహాల లెక్కతోనే చెబుతుంది, ఆ లెక్కలో తప్పు అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ. ఈ రెండూ ముఖ్యమనుకునేవారు దిక్సూచి, వాయుపీడనంతో ఎత్తు కొలిచే సాధనం ఉన్న ఈట్రెక్స్ 32ఎక్స్ తీసుకోవాలి. నాకు వాటి లోటు పెద్దగా తెలియలేదు.

సెల్ సిగ్నల్ లేకపోతే ఫోనులో జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పటాన్ని ముందే దించుకుంటే ఫోను కూడా దారి చూపుతుంది కనుక, ఏడాదికి రెండుసార్లు గండికోట చూడబోయేవారు దీని మీద డబ్బు పెట్టనవసరం లేదు. నెలకు రెండు మూడుసార్లు, అందులోనూ ఎండాకాలంలో నడిచేవారు మాత్రం కొనవచ్చు. ఇది సంకేతాలను అందుకుంటుందే గాని పంపదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే రకాలకు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి కావాలి కనుక, పొరపాటున వాటిని తెప్పించుకోవద్దు. అలాగే, లంకమల వంటి ఎర్రచందనం అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా, జేబులో ఏ పరికరం ఉన్నా సరే, వెళ్లరాదు.

కంప్యూటరుకు కలిపే తీగ ఇప్పటి ఫోన్లది కాదు, పాత మినీ యూఎస్‌బీ రకం. నాది పోయినప్పుడు కడపలో నాలుగు దుకాణాలు తిరిగి, చివరికి పాత కెమెరాలు బాగుచేసే చోట ఒకటి సంపాదించాను. కొనేవారు పరికరంతో పాటే మరొక తీగ తెప్పించుకోవడం మంచిది.