ఆపించడమా, మానెయ్యడమా, జవాబివ్వడమా: వివాదాస్పద సినిమా వస్తే సంఘానికి ఏది మేలు?

క్రీస్తును వక్రీకరించిన సినిమా వస్తోందనగానే సంఘాల్లో మొదట లేచే మాట "ఆపించాలి". యేసు మగ్దలేనే మరియను పెళ్లాడాడని చెప్పే హాలీవుడ్ సినిమా ది డావిన్సీ కోడ్‌కి 2006లో అదే జరిగింది. సెన్సారు బోర్డు 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చి, ఇదంతా కల్పితమన్న ప్రకటన వేయించింది. అయినా క్రైస్తవుల అభ్యంతరం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన నిలిపేసింది. అదే ఏడాది జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కొట్టెయ్యక ఏం చేస్తుంది? సర్టిఫికెట్ వచ్చిన సినిమాని గొడవలవుతాయన్న బెదిరింపుకి లొంగి ఆపకూడదని, శాంతిభద్రతలు కాపాడాల్సింది ప్రభుత్వమేనని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో తేల్చింది. లాయరు ఫీజుకి చందాలెత్తే ముందు ఈ సంగతి తెలిసుండాలి. పైగా నిషేధమంటే ఉచిత ప్రచారం. యేసు కాలం నాటి కథతో తీసిన బ్రిటిష్ హాస్య చిత్రం లైఫ్ ఆఫ్ బ్రయన్‌ని నార్వేలో ఆపితే, పక్కనున్న స్వీడన్‌లో "నార్వేలో నిషేధించారంటే ఎంత నవ్విస్తుందో చూడండి" అన్న ధోరణిలో ప్రచారం చేసుకున్నారు.

టికెట్టు కొనకపోవడం దీనికన్నా నయం. ఖర్చుండదు, కోర్టుండదు. అమెరికాలో కొందరు ఇంకో అడుగు వేసి, డావిన్సీ కోడ్ వచ్చిన వారమే విడుదలైన ఓవర్ ద హెడ్జ్ అనే పిల్లల సినిమాకి వెళ్లమన్నారు. మొదటి వారాంతానికి దానికి సుమారు 3.8 కోట్ల డాలర్లొస్తే డావిన్సీ కోడ్‌కి 7.7 కోట్లొచ్చాయి. వసూళ్ల సంగతలా ఉంచండి. పాస్టరుగారు వేదిక మీంచి "చూడొద్దు" అన్నాక, ఫోన్లో చూసేసిన కుర్రాడు సందేహం అడగడానికి నోరు విప్పడు. అసలు నష్టం అక్కడ.

అందుకే మా ఓటు జవాబుకే. డావిన్సీ కోడ్ ఎవరిని విలన్లుగా చూపించిందో ఆ ఓపస్ డీ అనే క్యాథలిక్ సంస్థే బహిష్కరణ జోలికి పోకుండా, మేమెవరమో వచ్చి తెలుసుకోండని తలుపులు తీసింది.

యూత్ మీటింగ్‌కి 90 నిమిషాలు, డావిన్సీ కోడ్ లేపిన ప్రశ్నల్లో రెండే పెట్టుకోండి. ఒకటి: 325లో బిషప్పులు కూడిన నైసియా సభలో ఓట్లేసి యేసును దేవుణ్ణి చేశారా? సుమారు 112లోనే రోమా అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తున్నారని చక్రవర్తికి రాశాడు. నైసియాలో నడిచిన వాదం కుమారుడు తండ్రితో సమానుడా, లేక సృష్టింపబడినవాడా అన్నది. విశ్వాస ప్రమాణానికి చివరిదాకా ఒప్పుకోని బిషప్పులు ఇద్దరే. రెండు: యేసు మగ్దలేనే మరియను ముద్దు పెట్టుకున్నాడని, బైబిల్లో లేని ఫిలిప్పు సువార్తలో ఉందా? 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికిన ఆ ప్రతిలో, ఎక్కడ ముద్దు పెట్టాడన్న మాట ఉండాల్సిన చోటే పపైరస్ పాడైపోయింది. "పెదవుల మీద" అన్నది తర్వాతివాళ్లు పూరించుకున్నదే. ఆ పేజీ ఫొటో తెర మీద చూపించండి, సగం పని అదే చేస్తుంది.

ఇదీ చెడేది ఎక్కడంటే, సినిమా చూడకుండా వాట్సాప్ ఫార్వర్డుని నమ్మి మాట్లాడినప్పుడు. సినిమాలో లేని సీనుని ఒక్కసారి తిట్టారంటే, మిగతా జవాబులన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి. పెద్దల్లో మనస్సాక్షి అడ్డురాని ఇద్దరు ముందుగా చూసి, ఏ మాట ఏ నిమిషంలో వచ్చిందో రాసుకోవాలి. అడ్డొచ్చేవాళ్లని బలవంతపెట్టొద్దు, బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం ఉన్నది అందుకే. 'ఎ' సినిమా అయితే 18 నిండనివాళ్లకి క్లిప్పులు కూడా వద్దు. ప్రశ్నలు మాత్రం పేరు లేని చీటీల మీద వారం ముందే తీసుకోండి. మైకు ఇచ్చి అడగమంటే ఎవరూ లేవరు.