పద్మినికి ఫ్లోర్ గేరు: తిరుపతి షెడ్డు పనితనం మీద ఒక మాట

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు పాత కార్లు చూసే షెడ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో ఒక చోట ప్రీమియర్ పద్మినికి, దానికి ముందు వచ్చిన ఫియట్ 1100 డిలైట్‌కు స్టీరింగ్ పక్కన ఉండే గేరు లీవరు (స్టీరింగ్ గేరు) తీసేసి నేల మీద లీవరు (ఫ్లోర్ గేరు) పెడతారు. బోర్డు మీద ఈ పని పేరు ఉండదు, అడిగితేనే చేస్తారు. మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టాల్సినవీ అన్ని ఉన్నాయి కాబట్టి షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ పని ఏ షెడ్డులో చేయించినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ముందు మెచ్చుకోలు. బండి తీసుకెళ్లగానే కట్టర్ పట్టుకోరు, బానెట్ ఎత్తుతారు. "బుష్షులు పోయుంటే గేరు ఎట్ల పడుతుంది సార్, అవి మార్చి నాలుగు దినాలు నడిపి చూడండి" అన్నది మేస్త్రీ మొదటి మాట. రావాల్సిన పెద్ద పనిని చేజేతులా పోగొట్టుకునే మాట ఇది, కానీ నిజం. సెకండ్ నుంచి థర్డ్‌కు వచ్చేటప్పుడు లీవరు మధ్యలో పట్టేస్తోందని వచ్చే బండ్లలో చాలా వాటికి ఫ్లోర్ గేరు అక్కర్లేదు. స్టీరింగ్ కాలమ్ వెంబడి దిగే గొట్టం అడుగు నుంచి గేర్‌బాక్సుకు రెండు కడ్డీలు పోతాయి. ఒకటి వరుసను, అంటే ఫస్ట్-సెకండ్ జంటనో థర్డ్-ఫోర్త్ జంటనో, ఎంచుతుంది, రెండోది ఆ వరుసలో గేరు వేస్తుంది. కడ్డీల కీళ్లలో ఉండే బుష్షులు అరిగాక మొదటి కడ్డీ పూర్తిగా రాకముందే రెండోది లాగేస్తుంది. బాక్సు లోపల గేర్లను తోసే వేలు రెండు వరుసల మధ్య ఇరుక్కుంటుంది. సిగ్నల్ దగ్గర బండి ఆపి, బానెట్ ఎత్తి కడ్డీని చేత్తో కదిపి సర్దుకునేవాళ్లంతా ఈ జబ్బు ఉన్న బండ్లవాళ్లే.

పరీక్ష సులువు. ఇంజిన్ ఆపి ఒకరు లీవరు కదపాలి, ఇంకొకరు బాక్సు మీది చిన్న లీవర్లను చూడాలి. పైన పిడి కదులుతున్నా కింద ఏదీ కదలని దూరమంతా బుష్షుల లూజే. బుష్షులు మార్చి, కడ్డీల చివరి మరలు తిప్పి పొడవు సరిచేసి, లాక్ నట్టు బిగిస్తే చాలా బండ్లకు అక్కడితో సరిపోతుంది. అప్పటికీ ఫ్లోర్ గేరే కావాలంటే రెండు దారులున్నాయి.

మొదటిది, పాత గేర్‌బాక్సునే ఉంచి కడ్డీలు మాత్రం మార్చడం. రెండోది బాక్సునే మార్చడం.

మొదటి దారిలో కొత్త లీవరు రెండు పనులు చేయాలి. పక్కకు తోస్తే ఎంచే కడ్డీ కదలాలి, ముందుకూ వెనక్కూ తోస్తే గేరు వేసే కడ్డీ కదలాలి. లీవరు ఒక గుండు మీద తిరుగుతుంది. దాని కింది కొస ఒక కడ్డీని నేరుగా తోస్తుంది, పక్క కదలికను ఎల్ ఆకారపు మడత చెయ్యి మలుపు తిప్పి రెండో కడ్డీకి ఇస్తుంది. కడ్డీలకు 10 మి.మీ. బ్రైట్ రాడ్డు చాలు. చివర్లకు బాల్ జాయింట్లే వేయాలి. రంధ్రంలో బోల్టు పెట్టి కాటర్ పిన్ను గుచ్చే పద్ధతి వద్దు, కొన్నాళ్లకే ఆ రంధ్రం కోలగా అరిగి పాత లూజు తిరిగొస్తుంది.

లీవరు కొలత ముందే లెక్కేసుకోవాలి. గుండుకు పైన 300 మి.మీ., కింద 60 మి.మీ. ఉంటే నిష్పత్తి 5:1. బాక్సు మీది లీవరు 20 మి.మీ. కదలాలంటే పిడి 100 మి.మీ. తిరగాలి. త్వరగా పడాలని కింది భాగాన్ని 80కి పెంచితే పిడి దూరం 75కి తగ్గుతుంది, కానీ చేతికి బరువు తెలుస్తుంది. ఈ షెడ్డు 5:1 దగ్గరే ఆగింది. పద్మినికి అదే సరి. ఈ బాక్సులో మొదటి గేరుకు సింక్రో (గేరు పడేముందు పళ్ల వేగాలు కలిపే రింగు) లేదు, తొందరపడితే పళ్లు గర్రుమంటాయి, ఏ లీవరు పెట్టినా అది మారదు.

అసలు కిటుకు గుండును దేనికి బిగించారన్న దాంట్లో ఉంది. షాపు షాపుకూ పనితనంలో తేడా తెలిసేది ఇక్కడే. చాలామంది కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా పోయే టన్నెల్ రేకుకే వెల్డింగ్ చేసేస్తారు. ఇంజిన్, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద ఉంటాయి, యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతాయి. టన్నెల్ కదలదు. బాక్సు కదిలి లీవరు కదలకపోతే కడ్డీయే గేరును వెనక్కి లాగుతుంది. చదును రోడ్డు మీద ఇది తెలియదు. భాకరాపేట ఘాట్‌లో సెకండ్‌లో ఎక్కుతూ కాలు తీయగానే గేరు న్యూట్రల్‌లోకి దూకుతుంది. ఈ షెడ్డులో 5 మి.మీ. పట్టీతో బ్రాకెట్టు వంచి బాక్సు వెనక కవరు బోల్టులకే కట్టారు, అంటే లీవరు కూడా బాక్సుతో పాటే ఊగుతుంది. కవరుకు పాత పొట్టి బోల్టులే వాడితే బ్రాకెట్టు మందం వల్ల మర పట్టు తగ్గుతుంది, అందుకే 5 మి.మీ. పొడవెక్కువ బోల్టులు వేశారు. కవరు విప్పాలి కాబట్టి గ్యాస్కెట్ కొత్తది వేయించాలి, లేకుంటే అక్కణ్ణుంచి ఆయిల్ చెమ్మ మొదలవుతుంది.

రెండో దారిలో ఖర్చూ, పనీ రెండూ పెరుగుతాయి. ఉత్పత్తి ఆగిపోవడానికి ముందు పద్మిని ఎస్-1 అనే రకంలో కంపెనీయే నిస్సాన్ గేర్‌బాక్సు, ఫ్లోర్ గేరు, బకెట్ సీట్లు ఇచ్చింది. అలాంటి బాక్సు దొరికితే అదృష్టం. 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్.ఇ. కారులోనూ నిస్సాన్ బాక్సే, కానీ దాని ఇంజిన్ కూడా నిస్సాన్‌దే. అందువల్ల పద్మిని 1089 సి.సి. ఇంజిన్‌కు అది నేరుగా కూర్చోదు, మధ్యలో రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటు కావాలి. ఈ మార్పుతో వచ్చే నిజమైన లాభం మొదటి గేరుకు కూడా సింక్రో రావడం. దర్శనాల రద్దీలో అలిపిరి వైపు పాకుతూ పోయే బండికి దీని విలువ తెలుస్తుంది.

బాక్సు కోసం పాత విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేట వెళ్లేవాళ్లు బాక్సు ఒక్కటే కొనుక్కుని రాకూడదు. బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పే డిప్ప), క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగు, వెనక మౌంటింగు క్రాస్ మెంబరు, వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు ముందు సగం, స్పీడోమీటర్ కేబులు, లీవరు, అన్నీ ఒకే బండివి ఒకేసారి తెచ్చుకోవాలి. తర్వాత విడిగా వెతికితే ఒక్కోదానికి ఒక్కో ప్రయాణం. కొనే ముందు ఇంజిన్ వైపు పొడుచుకొచ్చిన ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. లీవరు వేసి అన్ని గేర్లలో తిప్పండి. డ్రెయిన్ ప్లగ్గు విప్పించి ఆయిల్ కార్పించండి, అందులో ఇత్తడి రంగు పొడి మెరుస్తుంటే సింక్రో రింగులు అరిగాయని అర్థం, ఇనుప తునకలు కనబడితే బేరం ఆపేయండి.

అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయిస్తారు. రంధ్రాలు కలిస్తే చాలనుకోవడం పెద్ద పొరపాటు. క్రాంక్ మధ్య గీతా, బాక్సు మధ్య గీతా ఒకటే కావాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజి కట్టి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పి, హౌసింగు మధ్య రంధ్రం అంచు మీద ముల్లు ఎంత ఊగుతుందో చూడాలి. 0.15 మి.మీ. దాటకూడదు. సరిపోయాక రెండు డవెల్ పిన్నులు కొట్టి స్థిరపరచాలి, బోల్టులు బిగించడానికే గానీ స్థానం నిలపడానికి కాదు. ఇది తప్పితే క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది, ఇన్‌పుట్ బేరింగు కూత పెడుతుంది, క్లచ్ ప్లేటు మధ్య భాగం పగులుతుంది. ఈ షెడ్డులో డయల్ గేజి ఉంది, అడిగితే వాడారు. అడగకపోతే వాడేవారా అంటే అనుమానమే. ఇన్‌పుట్ షాఫ్టు కొసను పట్టే, క్రాంకు చివరి పైలట్ బుష్షు ఫాస్ఫర్ బ్రాంజ్‌తో కొత్తది తిప్పించాలి. క్లచ్ ప్లేటు మధ్యలోని స్ప్లైన్లు (గాడి పళ్లు) కొత్త షాఫ్టుకు, బయటి వ్యాసం పాత ఫ్లైవీల్‌కు సరిపోవాలి. ఈ రెండూ ఒకే ప్లేటులో దొరక్కపోతే మధ్య భాగం మార్చి రివెట్లు కొట్టించాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు కొలవాలి, జాకీ మీద ఎత్తి కొలిస్తే యాక్సిల్ వేలాడి లెక్క తప్పుతుంది. జారే యోక్ (షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు ముక్క) పూర్తిగా లోపలికి పోయాక అక్కణ్ణుంచి 20, 25 మి.మీ. బయటికి ఉండేలా చూసుకోవాలి. కోసి వెల్డింగ్ చేసిన షాఫ్టును బ్యాలెన్స్ చేయించకుండా బిగించనివ్వకండి. బ్యాలెన్సింగు ఈ షెడ్డులో లేదు, బయటికి పంపుతారు, ఆలస్యమంతా అక్కడే. ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపొస్తాది సార్" అనే జవాబే వస్తుంది.

టన్నెల్ కోత చక్కగా చేశారు. పద్మినికి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, నేల రేకే బలం. అడ్డంగా పోయే పెట్టె దూలాన్ని తాకకుండా, లీవరు ఊగే మేరకే రంధ్రం కోసి, చుట్టూ 16 గేజి రేకుతో, అంటే దాదాపు 1.6 మి.మీ. మందంతో, అంచు కట్టారు. లోపల రబ్బరు బూటు, పైన రెక్సిన్ బూటు, రెండూ వేయించండి. ఒకటే వేస్తే మే నెలలో చిత్తూరు దాకా పోయేసరికి గేర్‌బాక్సు వేడి కాళ్లకు కొడుతుంది, వానాకాలం కింది నీళ్లు పైకి చిమ్ముతాయి. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైరు తీశారో లేదో చూసుకోండి. పెట్రోలు పైపు ఎక్కణ్ణుంచి పోతోందో కూడా.

సీటు విషయం మాత్రం ముందే ఆలోచించరు. ముందు సీటు బెంచీలా ఒకటే పలక. సెకండ్, ఫోర్త్ వెనక్కి పడతాయి కాబట్టి నిటారు లీవరైతే పిడి సీటు అంచుకు తగులుతుంది. లీవరును ముందుకు వంచాలి, లేదా సీటు మధ్యలో కోత పెట్టాలి, లేదా బకెట్ సీట్లు వేయాలి. ఏది చేసినా ముందు ముగ్గురు కూర్చునే సౌకర్యం పోతుంది. పెళ్లికి పోయేటప్పుడు మధ్యలో ఇరికించే పిల్లోడికి ఇక వెనక సీటే గతి. ఈ షెడ్డు లీవరు వంచింది గానీ, సీటును ముందుకు జరిపితే మళ్లీ తగులుతోంది. పొట్టివాళ్లు నడిపే బండైతే ఈ సంగతి ముందే చెప్పి, కూర్చుని చూపించి, ఆ తర్వాతే లీవరు వంపించండి.

ఇంకో లోపం నట్లు. కడ్డీలకు మామూలు నట్టు, స్ప్రింగ్ వాషర్ వేసి వదిలేశారు. ఊగే చోట లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లే నిలుస్తాయి. 8 మి.మీ. నైలాక్ నట్లు ఏ బోల్టుల కొట్లోనైనా దొరుకుతాయి, ముందే కొని చేతికివ్వండి.

బిల్లులో కూలీ, సామాను కలిపి ఒకే అంకె రాస్తారు, విడివిడిగా రాయించుకోండి. తీసేసిన పాత లీవరు, కడ్డీలు, కాలమ్ గొట్టం బ్రాకెట్లు అడక్కపోతే పాత ఇనుములో కలిసిపోతాయి. వాటిని గోనెసంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోవడానికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. మొదటి పద్మినిలు ఆ వయసు దాటేశాయి. టన్నెల్ కోసి, బాక్సు మార్చిన బండికి అసలు రూపం చెడలేదని వాదించడం కష్టం. మీ బండి ఆ వయసుకు దగ్గరైతే రెండో దారి వద్దే వద్దు, మొదటి దారిలోనూ తిరిగి పాత రూపానికి తెచ్చుకునేలా చేయించండి. గేరు లీవరు ఎక్కడుందో ఆర్.సి.లో రాయరు గానీ ఇంజిన్ నంబరు రాస్తారు. బాక్సుతో పాటు ఇంజిన్ కూడా మార్చేద్దామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి ముందే కావాలి.

బండి తీసుకునే రోజు ఊళ్లో ఒక చుట్టు తిరిగి డబ్బులు ఇచ్చేయకండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డుకు పోవాలి, చిత్తూరు వైపు వాళ్లకు మొగిలి ఘాట్ ఉంది. సెకండ్‌లో పూర్తిగా తొక్కి ఎక్కుతూ ఒక్కసారిగా కాలు తీయాలి, మళ్లీ తొక్కాలి. దిగేటప్పుడు థర్డ్‌లో ఇంజిన్ బ్రేకు మీద వదలాలి. ఈ రెండు సందర్భాల్లోనూ లీవరు చెయ్యి పెట్టకుండా నిలబడితే కడ్డీల పొడవు సరిపోయినట్టే. గేరు దూకితే ఆ కడ్డీ చివరి మర అర చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. బాక్సు మార్చిన బండిలో ఫోన్ జీపీఎస్ పెట్టి 60 కిలోమీటర్ల వేగం దగ్గర మీటరుతో పోల్చండి, తేడా ఉంటే స్పీడో పినియన్ (మీటరు కేబులును తిప్పే చిన్న పళ్ల చక్రం) మార్చాలి. 500 కిలోమీటర్ల తర్వాత షాఫ్టు బోల్టులు, బ్రాకెట్టు బోల్టులు మళ్లీ బిగించి, గేర్ ఆయిల్ లెవెల్ ప్లగ్గు అంచు దాకా ఉందో లేదో చూసుకోవాలి. ఈ షెడ్డు ఆ చెకింగుకు కూలీ తీసుకోలేదు.