జింజర్ స్నాప్స్ బ్యాక్: మంచు కోటలో అక్కాచెల్లెళ్ళు

2004లో వచ్చిన కెనడా భయానక చిత్రం ‘జింజర్ స్నాప్స్ బ్యాక్: ది బిగినింగ్’ విషయంలో ప్రేక్షకుల అభిప్రాయాలు ఇరవై ఏళ్ళు దాటినా ఒక కొలిక్కి రాలేదు. మొదటి భాగాన్ని ప్రాణంగా ప్రేమించేవారిలో కొందరు దీన్ని అక్కరలేని కొనసాగింపు అని తీసిపారేస్తారు. మరికొందరు మాత్రం మూడు చిత్రాలలోనూ చలికాలం రాత్రి మళ్ళీ తీసి చూడాలనిపించేది ఇదొక్కటేనని అంటారు. రెండు వర్గాల మాటలోనూ నిజముంది కానీ, నా ఓటు రెండో వర్గానికే. ఈ చిత్రానికి లోపాలు లేవని కాదు. ఆ లోపాలన్నీ దాటుకుని చివరి పది నిమిషాలలో అది తీసుకున్న నిర్ణయం మొదటి చిత్రం తీసుకోలేనిదని నా నమ్మకం. ఆ నిర్ణయం గురించి కూడా మాట్లాడవలసి ఉంది కనుక, ఇంకా చూడనివారు చూసిన తరువాతే మిగతాది చదవడం మంచిది.

ముందు నేపథ్యం కొంత చెప్పుకోవాలి. మొదటి ‘జింజర్ స్నాప్స్’ 2000లో వచ్చింది. దర్శకుడు జాన్ ఫాసెట్, రచయిత్రి కారెన్ వాల్టన్. బెయిలీ డౌన్స్ అనే కల్పిత శివారు కాలనీలో, ఎవరితోనూ కలవని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు జింజర్, బ్రిజిట్ ఉంటారు. బతికినా చచ్చినా కలిసే అని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నవాళ్ళు. అక్క పెద్దమనిషి అయిన రాత్రే ఆమెను వేర్‌వుల్ఫ్, అంటే తోడేలుగా మారే మనిషి, కరుస్తుంది. అక్కడి నుంచి శరీరంలో వచ్చే మార్పు, మనసులో వచ్చే మార్పు, చెల్లెలికి దూరం కావడం, ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడుస్తాయి. వేర్‌వుల్ఫ్ కథ అంటే పౌర్ణమి నాడు మగవాడు తోడేలుగా మారడమే అనుకునే అలవాటును ఆ చిత్రం గట్టిగా కదిలించింది. దాని తరువాత రెండు చిత్రాలను ఆల్బెర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్ పరిసరాలలో ఒకదాని వెంట ఒకటిగా తీశారు. బ్రెట్ సలివన్ దర్శకత్వంలో వచ్చిన ‘అన్‌లీష్డ్’ కథను ముందుకు నడిపింది. గ్రాంట్ హార్వీ తీసిన ఈ మూడోది మాత్రం కథను ఏకంగా 1815కు, మంచు కప్పిన అడవిలోని ఒక వర్తక కోటకు తీసుకువెళ్ళింది.

కథ చిక్కుగా ఏమీ లేదు. దారి తప్పిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళకు పాడుబడిన ఒక ఆదివాసీ గూడెం ఎదురవుతుంది. అక్కడ మిగిలిన ఒక ముసలమ్మ ఇద్దరి చేతుల్లో ఎముకలతో చేసిన హారాలు పెట్టి, రాబోయే కీడు గురించి హెచ్చరిస్తుంది. గుర్రం బెదిరి పారిపోతుంది, చెల్లెలి కాలు మంచులో దాగిన ఇనుప ఉచ్చులో పడుతుంది. ఒక ఆదివాసీ వేటగాడు విడిపించి వాళ్ళను ఫోర్ట్ బెయిలీ అనే కోటకు చేరుస్తాడు. సరుకుల కోసం బయలుదేరిన మనుషులు నెలలు గడిచినా తిరిగి రాలేదు. రాత్రిళ్ళు కోటగోడల చుట్టూ తోడేళ్ళు తిరుగుతుంటాయి. లోపల మిగిలిన కొద్దిమంది మగవాళ్ళు ఒకరినొకరు నమ్మే స్థితిలో లేరు. కోట అధిపతి వాలెస్ ఒక గదిలో ఏదో దాస్తున్నాడు. ఆ దాచినదే ఒక రాత్రి జింజర్‌ను కరుస్తుంది.

మొదటి చిత్రంలోని కాలనీ పేరునే ఇక్కడ కోటకు పెట్టడం వట్టి అలంకారంగా నాకు కనబడలేదు. అక్కడ ఒకేలాంటి ఇళ్ళు, పచ్చిక, కంచెలు ఆడపిల్లలను ఎలా బిగించాయో, ఇక్కడ దుంగల గోడలు అలాగే బిగిస్తాయి. బయట తోడేళ్ళు ఉన్నాయి కనుక లోపల ఉండాలి, లోపల ఈ మనుషులు ఉన్నారు కనుక బయటికి పోవాలి. ఈ ఇరకాటాన్ని దర్శకుడు దాదాపు గంటసేపు జారిపోకుండా పట్టుకున్నాడు. చిత్రీకరణ ఎడ్మంటన్‌లోని ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కులో, పాతకాలపు వర్తక కోటను నమూనాగా తిరిగి కట్టిన ప్రాంగణంలో జరిగింది. అందుకే తలుపుల బరువు, దుంగల మధ్య సందులు, కొవ్వొత్తి వెలుగు చేరని మూలలు సెట్టింగులా అనిపించవు. నటుల నోటి నుంచి వచ్చే ఆవిరి కూడా కథలో భాగమైపోయింది.

1815ను ఎంచుకోవడం కూడా బాగా కుదిరింది. ఐరోపాలో బీవర్ అనే నీటి జంతువు తోలుతో చేసే టోపీల గిరాకీ కోసం హడ్సన్ బే కంపెనీ, మాంట్రియల్ కేంద్రంగా నడిచిన నార్త్ వెస్ట్ కంపెనీ ఒకదానితో ఒకటి నెత్తురు చిందేలా పోటీపడుతున్న రోజులవి. 1816లో సెవెన్ ఓక్స్ అనే చోట కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు, చివరికి 1821లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. చిత్రంలో ఈ కోటకు యజమాని అయిన నార్తర్న్ లీజియన్ ట్రేడింగ్ కంపెనీ కల్పితమే. అయినా బయటి నుంచి సరుకు రాకపోతే ఆకలితో మాడవలసిన ఇలాంటి కోటలు ఆ కాలంలో నిజంగానే ఉండేవి. చలి, ఆకలి, ఒంటరితనం కలిస్తే మనిషి బుర్ర ఎలా చెడుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయితే ఒక సంగతి చెప్పాలి. నిజమైన కోటలలో క్రీ తదితర ఆదివాసీ జాతుల స్త్రీలు భార్యలుగా, పనివారుగా ఉండేవారు. మంచుబూట్లు అల్లడం, తోళ్ళు చక్కబెట్టడం, ఎండుమాంసంతో పెమ్మికన్ తయారుచేయడం వాళ్ళ చేతుల మీదుగానే జరిగేది. ఈ కోటలో అలాంటి స్త్రీలెవరూ కనిపించరు. అక్కాచెల్లెళ్ళు పూర్తిగా ఒంటరివాళ్ళుగా కనబడాలి కనుక ఆ ఖాళీని కావాలనే ఉంచి ఉండవచ్చు. కానీ చరిత్ర తెలిసినవారికి ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది జలగ ఘట్టం. కోటకు వచ్చిన కొత్తవాళ్ళ రక్తం చెడిందో లేదో తేల్చడానికి అక్కడి వైద్యుడు మర్ఫీ జలగను వాడతాడు. ఉచ్చులో నలిగిన కాలితో బ్రిజిట్ పడుకుని ఉంటే, ఆమె గాయం కంటే ఆమె రక్తంలో ఏముందనే అనుమానమే అక్కడివారికి ముఖ్యమవుతుంది. ఆ కాలపు వైద్యంలో జలగలతో రక్తం తీయించడం మామూలు సంగతే. ఆ మామూలు సంగతినే చిత్రం నేర విచారణగా మార్చేసింది. వేర్‌వుల్ఫ్ ఒక్కటీ తెర మీదకు రాకుండానే, పెద్ద శబ్దం ఏదీ లేకుండానే, ఒక ఆడపిల్ల శరీరాన్ని మగవాళ్ళు చుట్టూ నిలబడి పరీక్షించడంలోని భయం అక్కడ కనిపిస్తుంది. ఇదే భయాన్ని తరువాత మతం పేరుతో రెవరెండ్ గిల్బర్ట్ పాత్ర పెంచుతుంది. వచ్చిన ఆపదకంతా ఈ ఇద్దరే మూలమని అతను పదే పదే చెబుతాడు. ఆ పాత్రను పోషించిన హ్యూ డిలన్ కెనడాలోని రాక్ బృందం హెడ్‌స్టోన్స్‌కు గాయకుడు. ఆ గొంతులోని గరుకుదనం ఉపదేశంలోకి వచ్చినప్పుడు గదిలో గాలి బరువెక్కుతుంది. పాత్ర మాత్రం ఒకే స్థాయిలో మొదలై అక్కడే ముగుస్తుంది. అతనిలో ఒక్క క్షణమైనా సందేహం కనబడి ఉంటే ఇంకా భయపెట్టేవాడు.

వాలెస్‌గా చేసిన టామ్ మెక్‌కామస్ ఆ పొరపాటు జరగనివ్వలేదు. తండ్రిగా అతను చేస్తున్నది తప్పని తెలిసినా అతన్ని పూర్తిగా అసహ్యించుకోలేము. జబ్బుపడ్డ కొడుకును చంపలేక, ఊరికే వదలలేక, తాళం వేసి దాచుకున్న మనిషి అతను. అక్కను కాపాడుకోవడానికి బ్రిజిట్ రేపు చేయబోయేదే అతను ఇవాళ చేస్తున్నాడని ప్రేక్షకుడికి నెమ్మదిగా తెలుస్తుంది. ఈ పోలికను సంభాషణలలో ఎక్కడా విప్పి చెప్పకపోవడం రచయితలు క్రిస్టినా రే, స్టీఫెన్ మాసికాట్‌లకు నేను ఇచ్చే మొదటి మార్కు.

ఇక ప్రధాన పాత్రలు. జింజర్‌గా కాథరిన్ ఇసబెల్, బ్రిజిట్‌గా ఎమిలీ పెర్కిన్స్ మూడు చిత్రాలలోనూ ఉన్నారు. నిజ జీవితంలో ఎమిలీయే వయసులో పెద్ద. అయినా తల వంచి, భుజాలు లోపలికి ముడుచుకుని, కిందనుంచి పైకి చూసే ఆ చూపుతో ఆమె ప్రతిసారీ చెల్లెలే అనిపిస్తుంది. ఈ చిత్రంలో భారం ఎక్కువ ఆమె మీదే పడింది. మొదటి చిత్రంలో అక్క మారడం ఒక ఆకర్షణగా, ధిక్కారంగా మొదలవుతుంది. ఇక్కడ కాటుపడిన క్షణం నుంచీ అది జబ్బు, నొప్పి, ఆకలి. అందువల్ల కాథరిన్‌కు ఆడుకునే చోటు తగ్గింది, ఎమిలీకి చూసి తట్టుకోవలసినది పెరిగింది. ఇద్దరూ ఒకే పక్క మీద వెనుదిరిగి పడుకుని, ఒకరికి నిద్ర పట్టలేదని మరొకరికి తెలిసిపోయే ఆ నిశ్శబ్దాలు చాలు, వీళ్ళు ఒకే గర్భాన పుట్టారని నమ్మడానికి.

ప్రేక్షకులు ఎక్కువగా ఎత్తిచూపే అభ్యంతరం ఏమిటంటే, 1815లో ఉన్న ఈ అమ్మాయిలు దాదాపు రెండు శతాబ్దాల తరువాతి జింజర్, బ్రిజిట్‌లకు ఏమవుతారు? అవే పేర్లు, అవే ముఖాలు, అదే ఒట్టు. పూర్వీకులా, పునర్జన్మా, మరో లోకమా అన్నది చిత్రం స్పష్టంగా చెప్పదు. చాలామందికి ఇది మోసంలా తోచింది. పునర్జన్మ కథలు చూస్తూ పెరిగిన తెలుగు ప్రేక్షకులకు మాత్రం ఇందులో ఇబ్బంది పడవలసినది పెద్దగా లేదు. ఋణం తీరని మనుషులు అవే ముఖాలతో మళ్ళీ ఎదురవడం మనకు కొత్త కాదు. రెండో అభ్యంతరం మాటల గురించి. పంతొమ్మిదో శతాబ్దపు దుస్తులలో ఉన్న అమ్మాయిలు ఇరవై ఒకటో శతాబ్దపు బూతులు మాట్లాడతారు. కాలానికి అతకనిదే అయినా, మొదటి చిత్రంలోని ఆ పెంకితనం లేకపోతే వీళ్ళు వాళ్ళు కాకుండా పోయేవారు కనుక నేను దాన్ని సరిపెట్టుకున్నాను.

నేను సరిపెట్టుకోలేనిది ఆదివాసీ పాత్రల చిత్రణ. కోటలోని ప్రతి తాగుబోతుకూ, ప్రతి దుర్మార్గుడికీ ఒక పేరుంది. కథను ముందుకు నడిపే ఇద్దరు ఆదివాసీ పాత్రలకు మాత్రం పేర్లు లేవు. ఒకరు వేటగాడు, మరొకరు ముసలమ్మ, అంతే. వేటగాడిగా చేసిన నథానియల్ ఆర్కాండ్ ఎడ్మంటన్‌కు చెందిన క్రీ నటుడు. చూపులోనే నిబ్బరం ఉన్న మనిషి. అలాంటి నటుడిని పెట్టుకుని జోస్యం చెప్పించడానికి, దారి చూపించడానికి మాత్రమే వాడుకున్నారు. తన గూడెం నాశనమైనందుకు అతనికి ఏమనిపించిందో మనకు ఎవరూ చెప్పరు. జోస్యం కూడా కథకు మేలు చేయలేదు. అక్కాచెల్లెళ్ళలో ఒకరి చేతిలో మరొకరు పోవడం తప్పదనే మాట ముందే పడిపోవడంతో, మధ్యభాగంలో మనుషులు తమ బుద్ధితో కాక రాసిపెట్టినదాని ప్రకారం కదులుతున్నట్టు అనిపిస్తుంది. చరిత్రలో ఆ నేల ఎవరిదో తెలిసినవారికి ఈ నిర్లక్ష్యం కొరుకుడుపడదు.

తోడేళ్ళ గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. చీకటిలో, మంచులో, గోడ అవతల ఉన్నంతసేపు భయపెడతాయి. వెలుతురులోకి వచ్చి నిలబడితే వేషం తెలిసిపోతుంది. దర్శకుడికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. చివరి దాడి తప్ప మిగతా చోట్ల వాటిని పొదుపుగానే వాడాడు.

ఆ చివరి దాడి వైపే కథంతా వెళుతుంది. మొదటి చిత్రంలో బ్రిజిట్ అక్క రక్తాన్ని తన రక్తంలో కలుపుకుంటుంది, అయినా చివరికి అక్క ఆమె చేతిలోనే చనిపోతుంది. చూసినవారిని ఏళ్ళ తరబడి వెంటాడిన ముగింపు అది. ఈ చిత్రంలోనూ జోస్యం అదే కోరుతుంది, కోట అదే కోరుతుంది, లోక క్షేమమూ అదే కోరుతుంది. బ్రిజిట్ మాత్రం వీటన్నిటికీ ఎదురు తిరిగి, తెలిసి తెలిసి అక్క రక్తంతో తన రక్తాన్ని కలుపుకుని అక్క వైపే నిలబడుతుంది. దీనివల్ల శాపం తరువాతి తరాలకు పాకుతుందని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. ఇది స్వార్థమని, కోటలో చచ్చినవారందరినీ కథ మరచిపోయిందని కోప్పడిన ప్రేక్షకులు ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇంతకాలం ఈ అమ్మాయిలను పరీక్షించి, తిట్టి, బంధించి, అమ్మాయిలు బతికితే తాము చస్తామని లెక్కలు వేసిన మనుషుల కోసం చెల్లెలు అక్కను చంపి ఉంటే, ఆ కోట మాటే నెగ్గేది. చెల్లెలు ఆ మాట నెగ్గనివ్వలేదు. తప్పైనా సరే, ఆ తప్పు తనదేనని ఒప్పుకుని చేసిన ఎంపిక అది. ఎమిలీ పెర్కిన్స్ ముఖంలో ఆ క్షణంలో భయం లేదు, ఊరట ఉంది. ఆ ఊరటే నాకు భయం పుట్టించింది.

చూడాలనుకునేవారు మొదటి చిత్రం చూసిన తరువాతే దీన్ని చూడాలి. లేకపోతే చివరి ఎంపిక బరువు సగమే తెలుస్తుంది. ‘అన్‌లీష్డ్’ మధ్యలో చూడకపోయినా ఈ కథ అర్థం కావడానికి ఆటంకం లేదు. అయితే తరువాత ఎంతో పేరు తెచ్చుకున్న తతియానా మాస్లనీ చిన్నవయసు నటన కోసం దాన్ని కూడా ఒకసారి చూడవచ్చు. నిడివి గంటన్నరకు కొంచెం ఎక్కువ. రక్తపాతం, పసివాడి మీద హింస, బూతులు ఉన్నాయి కనుక పిల్లలతో కలిసి చూడదగినది కాదు. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి చూడండి. చిత్రంలో సగం దృశ్యాలు కొవ్వొత్తి వెలుగులోనే ఉన్నాయి, గదిలో వెలుతురుంటే కోట మూలల్లో ఏం కదులుతోందో కనబడదు.